నిపుణుడి మాట ఎంతవరకు నమ్మాలి? ఒక 1939 రూపాయి, ముగ్గురి నోట మూడు మాటలు

బరంపురం_శ్రీను (గంజాం జిల్లా, ఒడిశా)

అందరికీ నమస్కారం. మా తాతగారు బరంపురంలో పట్టుబట్టల వ్యాపారం చేసేవారు. నాయనమ్మ దాచిన ట్రంకు పెట్టె ఈమధ్య సర్దుతుంటే గుడ్డ సంచీలో వెండి రూపాయలు దొరికాయి. ఎక్కువ భాగం ఎడ్వర్డ్, ఐదో జార్జి కాలంవి. ఒక్కటి మాత్రం ఆరో జార్జి బొమ్మతో 1939 నాటిది. నెట్‌లో వెతికితే ఆ సంవత్సరం రూపాయి చాలా అరుదని తెలిసింది.

ముగ్గురికి చూపించాను. మా వీధి కంసాలి గీటురాయి మీద గీసి "మంచి వెండి, అసలుదే" అన్నాడు. నాణేల ఎగ్జిబిషన్‌లో ఒక డీలరు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి "డేటు దిద్దారు బాబూ" అని తిరిగి ఇచ్చేశాడు. మూడో ఆయన వాట్సాప్‌లో పరిచయం. ఫోటో చూసి "నూటికి నూరుపాళ్లు ఒరిజినల్, లక్షల్లో పలుకుతుంది, సర్టిఫికెట్ నేనే ఇస్తాను, ముందు ఫీజు పంపండి" అంటున్నాడు.

ముగ్గురూ అనుభవం ఉన్నవాళ్లమనే చెప్పుకుంటున్నారు. అమ్మేద్దామని తమ్ముడు తొందర పెడుతున్నాడు. నాకు టెన్షన్‌గా ఉంది. ఎవరి మాట నమ్మాలి?

రాయగడ_ఆచారి (రాయగడ)

శ్రీను గారూ, మాది కంసాలి పనే కాబట్టి ముందు మా సంగతి చెప్తాను. గీటురాయి వెండి నాణ్యత చెబుతుంది. అంతే. ఆ వెండి మీద ఉన్న అంకె ఎవరు చెక్కారో చెప్పదు. మీ కంసాలి అబద్ధం ఆడలేదు, తనకు తెలిసినదే చెప్పాడు. మీరు అడిగినది వేరు.

ఇంకొక మాట. ఇకమీదట ఎవరినీ గీటురాయి మీద గీయనివ్వకండి. చింతపండు, విభూది, టూత్‌పేస్టు ఏదీ పెట్టి తోమకండి. పాత నాణేనికి ఉన్న నల్లటి పొర పోతే సగం విలువ పోయినట్టే.

పర్లాకిమిడి_మాస్టారు (గజపతి జిల్లా)

శ్రీనూ, ఆచారి గారు అసలు విషయం పట్టుకున్నారు. "అసలా, నకిలీనా" అని మనం ఒక్క ప్రశ్న అడుగుతున్నాం అనుకుంటాం గానీ అందులో నాలుగు ప్రశ్నలు ఉన్నాయి. లోహం ఏమిటి? టంకశాలలో కొట్టినదేనా? కొట్టాక ఎవరైనా చెయ్యి పెట్టారా? ఎంత అరిగింది, దాన్ని బట్టి ధర ఎంత? వీటిలో ఒక్కోదానికి ఒక్కో రకం తెలివి కావాలి. నాలుగింటికీ ఒక్కడే, అదీ ఫోటో చూసి, ఒక్క మాటలో జవాబు ఇస్తున్నాడంటే నేను అక్కడే ఆగిపోతాను.

ఇక మీ నాణెం. అప్పటి ప్రామాణిక వెండి రూపాయి బరువు 11.66 గ్రాములు, వెండి పాలు 91.7 శాతం. యుద్ధం వచ్చాక వెండికి కరువొచ్చి 1940 నుంచి రూపాయిలో వెండిని సగానికి తగ్గించారు. మిగతాది రాగి, నికెలు, జింకు. దొంగ నాణేలు చేసేవాళ్లకు ఇబ్బందిగా ఉండాలని అంచులో గాడి కూడా పెట్టారు, సెక్యూరిటీ ఎడ్జ్ అంటారు దాన్ని. కాబట్టి 1939 వేసి ఉండి, అంచు చుట్టూ గాడి ఉంటే అది 1940 తరవాతి నాణేన్ని దిద్దినట్టే. ఈ పరీక్షకు నిపుణుడు అక్కర్లేదు, కళ్లు చాలు. మీది అంచు ఎలా ఉంది?

బరంపురం_శ్రీను

ఇప్పుడే చూశాను మాస్టారూ. నిలువు గీతలే ఉన్నాయి, గాడి లేదు. అంటే అసలుదే కదా?

పర్లాకిమిడి_మాస్టారు

తొందరపడకు నాయనా. ఒక దారి మూసుకుంది, అంతే. 1938 రూపాయికి కూడా గీతల అంచే, వెండీ అదే. 8ని 9గా దిద్దడం 0ని 9గా దిద్దడం కంటే తేలిక కూడా. అందుకే 1939 విషయంలో మొదటి అనుమానం 1938 మీదే ఉండాలి.

జయపురం_వెంకట్ (కోరాపుట్ జిల్లా)

ఇంత చర్చ ఎందుకండీ? గ్రేడింగ్ కంపెనీకి పంపితే సరిపోతుంది. అమెరికాలో పీసీజీఎస్, ఎన్‌జీసీ అని రెండు పెద్ద కంపెనీలు ఉన్నాయి, 1986లో ఒకటి, 1987లో ఒకటి మొదలయ్యాయి. నాణెం చూసి, అసలుదైతే 70 పాయింట్ల స్కేలు మీద గ్రేడు వేసి, ప్లాస్టిక్ డబ్బాలో సీలు చేసి పంపుతారు. వాళ్లు నాణేలు కొనరు, అమ్మరు. ఊళ్లో డీలరు మాట, వాట్సాప్ మాట ఎందుకు? ఆ సీలు డబ్బానే స్లాబు అంటారు. నేను పెద్ద ధరవి ఏవి కొన్నా స్లాబు ఉన్నవే కొంటాను. ప్రశాంతంగా నిద్ర పడుతుంది.

గుణుపురం_గీత (రాయగడ జిల్లా)

వెంకట్ గారూ, అసలా నకిలీనా అన్నంతవరకు మీతో ఒప్పుకుంటాను. పేరున్న గ్రేడింగ్ సంస్థలు నకిలీలను పట్టడంలో మనకంటే చాలా ముందున్నాయి. కానీ గ్రేడు అంకె దగ్గర అంత నమ్మకం పెట్టుకోలేను.

ఆ 70 పాయింట్ల స్కేలు పుట్టిన సంగతే చూడండి. విలియం షెల్డన్ అనే ఆయన 1949లో అమెరికా పాత పెద్ద రాగి సెంట్ల కోసం తయారు చేశాడు. 1 గ్రేడు ఉన్నది ఒక డాలరైతే 70 గ్రేడు ఉన్నది 70 డాలర్లు అన్న లెక్క మీద. ఆ ధరల లెక్క కొన్నాళ్లకే పనికిరాకుండా పోయింది, అంకెలు మాత్రం మిగిలాయి. ఈ రోజు అదే స్కేలు మన విక్టోరియా రూపాయికీ వేస్తున్నారు. ఇంకో సంగతి, ఇది చాలామందికి తెలియదు. అంత పెద్ద నిపుణుడైన షెల్డన్, అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీ సేకరణలోని మంచి సెంట్లను తీసుకుని వాటి చోట తన దగ్గరి తక్కువ రకం నాణేలు పెట్టాడని ఆయన పోయాక బయటపడింది. విషయం కోర్టుకు కూడా వెళ్లింది. ఆయన చూపు గొప్పదే, అందులో అనుమానం లేదు. చూపు గొప్పదైతే నిజాయితీ కూడా దానితో వచ్చేస్తుందని అనుకోవద్దు అంటున్నాను.

1990లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ పీసీజీఎస్ ప్రకటనల మీద కేసు పెట్టింది. గ్రేడింగ్ ఎప్పుడూ ఒకేలా, పూర్తి నిష్పక్షపాతంగా ఉంటుందని అతిగా చెబుతున్నారన్నది అభియోగం. తప్పు ఒప్పుకోకుండానే కంపెనీ రాజీ చేసుకుని, ప్రకటనల్లో హెచ్చరిక వాక్యం చేర్చింది. అందులో చెడ్డతనం వెతకక్కర్లేదు. అరుగుదల, మెరుపు, అచ్చు ఎంత బలంగా పడింది ఇవన్నీ మనిషి కంటితో చూసి చెప్పేవి. 63కీ 64కీ మధ్య గీత ఎవరూ గీయలేరు. అందుకే అక్కడి వ్యాపారులు డబ్బా పగలగొట్టి అదే నాణేన్ని మళ్లీ మళ్లీ పంపుతుంటారు, ఎప్పుడో ఒకసారి ఒక అంకె ఎక్కువ వస్తుందని. గ్రేడు నిజంగా నాణెంలోనే ఉంటే ఆ వ్యాపారం నడవదు కదా.

జయపురం_వెంకట్

గీత గారూ, ఒప్పుకుంటాను. అయినా ఒక అంకె తేడాకీ, మొత్తం నకిలీకీ పోలిక లేదు. శ్రీను గారికి కావలసింది రెండోది.

గుణుపురం_గీత

నిజమే. కానీ డబ్బాని చూసి కొనడంలో మరో ప్రమాదం ఉంది. 2008 నాటికే చైనా నుంచి నకిలీ డబ్బాలు రావడం మొదలైంది. లోపల నాణెం నకిలీ, బయట డబ్బా నకిలీ, లేబుల్ మీద నంబరు మాత్రం వేరే అసలు నాణేనిది. ఆ నంబరు కంపెనీ వెబ్‌సైట్‌లో కొట్టి, అక్కడి ఫోటోని మీ చేతిలో ఉన్న నాణెంతో గీత గీతకీ పోల్చి చూడాలి. నంబరు దొరికిందని వదిలేయకూడదు.

సిరొంచ_మల్లేశ్ (గడ్చిరోలి జిల్లా, మహారాష్ట్ర)

నాది మహారాష్ట్ర అయినా ఈ చర్చలో దూరుతున్నాను, మన్నించండి. మా వైపు ఇళ్లలో నిజాం రూపాయలు బాగా కనిపిస్తాయి. గోదావరి అవతల మొన్నమొన్నటి దాకా నిజాం రాజ్యమే కదా. మా పెదనాన్న దగ్గర చార్మినార్ బొమ్మ ఉన్న హాలీ రూపాయలు (నిజాం సొంత రూపాయలు) ఒక గుప్పెడు ఉండేవి. వాటిని పట్నంలో ఒక వ్యాపారికి చూపిస్తే "ఇవన్నీ మామూలువే, వెండి ధర ఇస్తాను" అన్నాడు. పెదనాన్న ఇచ్చేశారు.

చార్మినార్ నడిమి తలుపులో ఒక ఉర్దూ అక్షరం ఉంటుంది, నిజాం పేరులో మొదటిది. మహబూబ్ అలీ ఖాన్ కాలంలో 'మీమ్', ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో 'ఐన్'. 1911లో గద్దె మారింది, అంటే హిజ్రీ 1329. ఉస్మాన్ తొలి రూపాయల్లో ఆ 'ఐన్' పొట్టిగా ఉంటుంది, తరవాత పూర్తిగా వేశారు. సేకరించేవాళ్లు ఈ రెంటికీ వేరు వేరు ధర కడతారు. పెదనాన్న ఇచ్చిన వాటిలో పొట్టి ఐన్‌వి ఉన్నాయని ఇంట్లో తీసి పెట్టుకున్న ఫోటోల్లో తరవాత చూశాను. ఆ వ్యాపారికి తెలియక కాదు, బాగా తెలిసినవాడే.

ఇక్కడ మీరంతా నిపుణుడికి తెలుసా తెలియదా అని మాట్లాడుతున్నారు. నా గొడవ అది కాదు. తెలిసినవాడే కొనేవాడైతే? వెల కట్టేవాడూ కొనేవాడూ ఒకడే అయినప్పుడు ఆయన విద్య అంతా మనకు ఎదురు పనిచేస్తుంది.

రాయగడ_ఆచారి

మల్లేశ్ అన్నా, చాలా మంచి మాట చెప్పారు. మా బంగారం పనిలో కూడా అంతే. కొనే అంగట్లో తూకం వేయించకూడదని మా నాన్న చెప్పేవారు. తూకం ఒకచోట, అమ్మకం మరోచోట.

ఇచ్ఛాపురం_లక్ష్మి (సరిహద్దుకు ఇటువైపు, శ్రీకాకుళం జిల్లా)

మా ఊరికీ బరంపురానికీ రోజూ రాకపోకలే కాబట్టి నేనూ మాట్లాడొచ్చు అనుకుంటున్నాను. శ్రీను తమ్ముడూ, ఆ వాట్సాప్ ఆయనకి ఒక్క రూపాయి కూడా పంపకు. "ముందు ఫీజు" అన్నవాడు నాణెం కొనడు, నీ ఫీజు కోసమే వచ్చాడు. 2021 ఆగస్టులో రిజర్వు బ్యాంకు కూడా ప్రకటన ఇచ్చింది, పాత నోట్లు నాణేల క్రయవిక్రయాలకు తాము ఎవరి దగ్గరా కమీషను తీసుకోమని, తమ పేరుతో అడిగేవాళ్లను నమ్మొద్దని. అయినా వైష్ణోదేవి బొమ్మ ఉన్న 5 రూపాయలకి లక్షలు ఇస్తామని మెసేజులు ఆగట్లేదు. అది 2012లో లెక్కలేనన్ని కొట్టిన నాణెం.

మా వాళ్లింట్లో రామ పట్టాభిషేకం బొమ్మ, వెనక ఈస్టిండియా కంపెనీ 1818, ఒక అణా అని రాసి ఉన్న రాగి బిళ్ల ఉంది. ఎవరో వచ్చి "ఇది బియ్యాన్ని లాగుతుంది" అని నమ్మించి పరీక్ష పేరుతో డబ్బు గుంజారు. నేను చెప్పినా మా వదిన వినలేదు, ఎందుకంటే వచ్చినవాడు తెల్లకోటు వేసుకుని మీటరు పెట్టి చూపించాడట. ఇలాంటివాళ్ల గురించి కూడా చెప్పండి మాస్టారూ.

పర్లాకిమిడి_మాస్టారు

లక్ష్మమ్మా, మీ వదినగారికి ఈ సంగతి చెప్పండి. భారతదేశంలో ఒక అణా నాణెం 1906 నాణేల చట్టం తరవాత, ఏడో ఎడ్వర్డ్ కాలంలో, 1907 నుంచి చలామణిలోకి వచ్చింది. అదీ రాగిది కాదు, నికెలు కలిసినది, అంచు వంకీలు వంకీలుగా ఉంటుంది. 1818లో కంపెనీ రాముడి బొమ్మతో ఒక అణా కొట్టనే లేదు. అలాంటి బిళ్లలు గుళ్ల దగ్గర అమ్మకానికి తరవాత తయారైనవి. కొన్నిటి మీద 1616 అని కూడా ఉంటుంది. ఇందులో ల్యాబ్ పరీక్షకు పనేమీ లేదు, చరిత్ర పుస్తకంలో ఒక పేజీ చాలు. బియ్యం లాగడం అనేది పచ్చి మోసం, పోలీసు కేసులు బోలెడు ఉన్నాయి.

గుణుపురం_గీత

ఇక్కడ ఒక విషయం పెట్టాలనిపిస్తోంది, ఎందుకంటే మన ప్రాంతానికి సంబంధించినది. నాణేల పుస్తకాలన్నీ "పోత పోసినట్టు కనిపిస్తే నకిలీ అనుకో" అని చెబుతాయి. అచ్చు కొట్టిన నాణేనికి అంచులు పదునుగా, నేల (బొమ్మ, అక్షరాలు లేని ఖాళీ భాగం) నున్నగా ఉంటాయి. పోత పోసినదానికి చిన్న చిన్న బుడిపెలు, గుంటలు, అంచున అతుకు గీత ఉంటాయి. బ్రిటిష్ రూపాయలకి ఈ సూత్రం బ్రహ్మాండంగా పనిచేస్తుంది.

కానీ మన గంజాం, పూరీ వైపు పొలాల్లో దొరికే పూరీ కుషాణ నాణేలు చూడండి. ఉత్తరాదిని ఏలిన ప్రాచీన కుషాణ రాజుల నాణేల మీది బొమ్మని అనుకరించి చేసిన రాగి బిళ్లలు. అవి పుట్టుకతోనే పోత నాణేలు, అదీ మొరటు పోత. నిలబడ్డ రాజు బొమ్మ ముద్దముద్దగా ఉంటుంది, అంచు సరిగ్గా ఉండదు. బయటి ఊరి డీలరు ఒకాయన అలాంటిదాన్ని చూసి "పోతది, పారేయండి" అన్నాడని మా ఊళ్లో ఒకరు చెప్పారు. ఆయన సూత్రం తప్పు కాదు. ఆ సూత్రం ఏ నాణేలకు వర్తిస్తుందో ఆయనకు తెలియలేదు. బ్రిటిష్ రూపాయల్లో పండిపోయినవాడు మన ప్రాంతపు ప్రాచీన నాణేల దగ్గర కొత్తవాడే. డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు కళ్లకా, ఎముకలకా అని చూసుకుంటాం కదా, ఇక్కడా చూసుకోవాలి.

అలాగే 1807, 1808లో మద్రాసులో కొట్టిన పావు వరహా, అర వరహా వెండి నాణేల మీద గోపురం, విష్ణుమూర్తి బొమ్మ ఉంటాయి. ఇంగ్లీషు, పారశీకం, తమిళంతో పాటు తెలుగు అక్షరాలూ ఉంటాయి. పెద్ద ఊళ్లలోని డీలర్లలో తెలుగు చదవగలవాళ్లు ఎంతమంది? నకిలీ చేసేవాడు ఇంగ్లీషు అక్షరాలని జాగ్రత్తగా దించి, తెలుగు దగ్గర గీతలు తికమక చేస్తాడు. మనం ఆ వైపు చూడాలి. అయితే పాత ముద్ర అక్షరాలు ఇప్పటి మన రాతలా ఉండవు, తలకట్టు వేరుగా ఉంటుంది. కాబట్టి ఒక అసలు నాణెం పెద్ద ఫోటో పక్కన పెట్టుకోకుండా "తెలుగు తప్పు ఉంది, నకిలీ" అని కూడా తేల్చకండి.

పర్లాకిమిడి_మాస్టారు

గీతమ్మా, చాలా విలువైన మాట. దీనికి ఇంకొకటి కలుపుతాను. అసలు నాణెం అన్నంత మాత్రాన అరుదైనది కాదు. 1808 నాటి మద్రాసు 20 కాసుల రాగి నాణేలు కొన్ని చూస్తే నిన్న కొట్టినట్టు ఉంటాయి. అంత బాగున్నాయి కాబట్టి ఎంతో విలువ అని చెప్పి అమ్ముతారు. సంగతేమిటంటే ఆ నాణేలతో ఇంగ్లాండు నుంచి బయలుదేరిన అడ్మిరల్ గార్డ్‌నర్ అనే ఓడ 1809 జనవరిలో గుడ్విన్ ఇసుకదిబ్బల దగ్గర మునిగిపోయింది. 1980లలో వాటిని పెద్ద సంఖ్యలో పైకి తీశారు. చలామణి కాలేదు కాబట్టే అంత కొత్తగా ఉన్నాయి, ఎక్కువగా దొరుకుతున్నాయి కాబట్టే ధర తక్కువ. ఈ ఓడ కథ తెలియని వాడు నాణెం నాణ్యతని సరిగ్గా చెప్పి ధర పూర్తిగా తప్పు చెబుతాడు.

మన ఉత్తర సర్కార్ల కోసం 1794లో బర్మింగ్‌హామ్ సోహో టంకశాలలో కొట్టించి పంపిన, రూపాయిలో 48వ వంతు రాగి నాణెం మాత్రం పాత ఇళ్లలో అరిగిపోయి దొరుకుతుంటుంది. ఆ అరుగుదల చూసి పారేయకండి. ఈ గంజాం నేల మీద చేతులు మారిన నాణెం అది.

శ్రీనూ, నీకు ఒక పని. 0.01 గ్రాము దాకా చూపించే చిన్న త్రాసు బజార్లో దొరుకుతుంది. ముందు నాణెం బరువు రాసుకో. తరవాత త్రాసు మీద గ్లాసులో నీళ్లు పెట్టి సున్నా చెయ్యి. సన్నటి దారంతో నాణేన్ని నీళ్లలో పూర్తిగా మునిగేలా వేలాడదియ్యి. అడుగుకీ గోడకీ తగలకూడదు, బుడగలు అంటుకోకూడదు. అప్పుడు కనిపించే అంకెతో మొదటి బరువుని భాగించు. 91.7 శాతం వెండికి 10.3 దగ్గర రావాలి. సగం వెండి నాణేనికైతే 9.5 వస్తుంది.

బరంపురం_శ్రీను

చేశాను మాస్టారూ. బరువు 11.58. నీళ్లలో 1.12. భాగిస్తే 10.34 వచ్చింది. మళ్లీ చేసినా అంతే.

పర్లాకిమిడి_మాస్టారు

బాగా చేశావు. వెండి సరైనదే, బరువు అరుగుదలకి తగ్గట్టే ఉంది. కాబట్టి టంకశాల నాణెమే అయ్యుండడానికి చాలా ఎక్కువ అవకాశం ఉంది. మిగిలింది ఒక్కటే, ఆ 9. ఇది త్రాసు చెప్పదు. ఎక్స్‌రేతో లోహాన్ని పరీక్షించే ఎక్స్‌ఆర్‌ఎఫ్ మెషీను కూడా పై పొర లోహమే చెబుతుంది, అంకె సంగతి చెప్పదు. ఇక్కడే మనిషి కన్ను కావాలి. ఆ ఎగ్జిబిషన్ డీలరుని మళ్లీ అడుగు. "డేటు దిద్దారు" అన్నాడు సరే, ఎక్కడ చూసి అన్నాడో అడుగు. చూపించగలిగితే ఆయన మాటకి విలువ ఉంది. "నాకు ఇంత అనుభవం" అని జవాబొస్తే ఆయన మాటని పక్కన పెట్టు, కొట్టిపారేయకు.

జయపురం_వెంకట్

మాస్టారూ, డీలరు "డేటు దిద్దారు" అన్నాడు కాబట్టి శ్రీను గారు నీరసపడకూడదని ఒక కథ చెబుతాను. 1913 లిబర్టీ నికెల్ అని అమెరికా 5 సెంట్ల నాణెం, ప్రపంచంలో ఐదే తెలుసు. వాటిలో ఒకటి జార్జ్ వాల్టన్ అనే సేకర్త దగ్గర ఉండేది. 1962లో ఆయన కారు ప్రమాదంలో పోయారు, నాణెం ఆ కారులోనే ఉంది. వారసులు అమ్మబోతే, పేరున్న నిపుణులు చూసి డేటు దిద్దినది, విలువ లేదు అని తిప్పి పంపారు. ఆయన అక్కచెల్లెళ్లలో ఒకరు దాన్ని పారేయకుండా ఇంట్లో అల్మారాలో దాచారు. నలభై ఏళ్ల తరవాత, 2003లో, బాల్టిమోర్ ప్రదర్శనకి మిగతా నాలుగు నాణేలు వచ్చినప్పుడు దీన్ని కూడా తెచ్చి, ఆరుగురు నిపుణులు పక్కపక్కన పెట్టి చూశారు. అసలుదే అని తేల్చారు. 2013లో వేలంలో 31 లక్షల డాలర్లకి పైగా పలికింది.

నేను స్లాబుల పక్షమే. కానీ ఈ కథలో నాకు నచ్చింది, మొదటి తీర్పు తప్పని తేలింది ఇంకా పెద్ద నిపుణుడు రావడం వల్ల కాదు. అసలు నాణేలు పక్కన పెట్టి పోల్చడం వల్ల.

సిరొంచ_మల్లేశ్

వెంకట్ అన్నా, అయితే శ్రీను అన్న కూడా అదే చేయాలి. 1938 రూపాయి ఒకటి పక్కన పెట్టి ఆ అంకెలు చూడాలి. మా దగ్గర ఉంది కానీ సిరొంచ నుంచి బరంపురం అంటే చాలా దూరం.

గుణుపురం_గీత

నా దగ్గర 1938వి ఉన్నాయి. మాస్టారి దగ్గరికి ఎలాగూ వెళ్తున్నాను, శ్రీను గారు పర్లాకిమిడి వస్తే ముగ్గురం కూర్చుని చూడొచ్చు. 9 ఎడమ వైపు కింది భాగం చూడాలి. 8లో కింది సున్నా ఎడమ వంపు చెరిపితే 9 వస్తుంది. చెరిపిన చోట నేల మిగతా నేలలా ఉండదు. పక్క నుంచి వెలుతురు పడేలా పెట్టి, 10 రెట్లు చూపించే లూప్‌తో (చిన్న భూతద్దంతో) చూస్తే సన్న గీతలు తెలుస్తాయి. అలాగే 8 పై సున్నాకి, అసలు 9 పై సున్నాకి సైజు తేడా ఉంటుంది. వేలం సంస్థలు పెట్టిన 1939 పెద్ద ఫోటోలు ప్రింటు తీసుకొస్తాను.

బరంపురం_శ్రీను

గీత గారూ, మాస్టారూ, మీ ఇద్దరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. అందరికీ తెలియాలని జరిగింది రాస్తున్నాను.

పర్లాకిమిడిలో మాస్టారి ఇంటి వరండాలో టేబుల్ లైటు పక్కకి వంచి చూశాం. ముందు గీత గారి 1938 నాణెం. 8 చుట్టూ నేల సాఫీగా, ఆ నలుపు కూడా సమంగా ఉంది. తరవాత నాది. 9 కింద ఎడమ వైపు, ఆవగింజ అంత చోట, నేల కొంచెం పల్లంగా ఉంది. ఆ పల్లంలో ఒకే వైపుకి వెళ్లే సన్న గీతలు, నలుపు అక్కడ మాత్రం పలచగా ఉంది. పై సున్నా చూస్తే గీత గారి 8 పై సున్నాతో సరిగ్గా కలిసింది, ప్రింటులోని 1939 తొమ్మిదితో కలవలేదు.

వెనక్కి వచ్చాక ఎగ్జిబిషన్ డీలరుకి ఫోన్ చేసి ఎక్కడ చూసి చెప్పారు అని అడిగాను. "9 ఎడమ కాలి కింద గీరిన చోటు" అన్నాడు. నేను ఫోటో పంపకముందే చెప్పాడు. కొంటానని కానీ, వెండి ధరకి ఇమ్మని కానీ అడగలేదు. వాట్సాప్ ఆయనకి అదే ప్రశ్న పంపితే "అది మీకు అర్థం కాదు, ఫీజు పంపండి" అని జవాబొచ్చింది. నంబరు బ్లాక్ చేశాను.

తమ్ముడికి కూడా లూప్‌లో చూపించాను. వాడే "ఇది అమ్మొద్దు" అన్నాడు.

రాయగడ_ఆచారి

దిద్దిన పని చాలా నేర్పుగా చేశారన్నమాట. మా చేతిపనివాడే ఎవడో చేసుంటాడు, బాధగా ఉంది. ఇప్పుడు ఆ నాణెం ఉన్న కవరు మీద స్పష్టంగా రాసి పెట్టండి, "1938 రూపాయి, డేటు దిద్దినది" అని. రేపు మీ పిల్లలు మళ్లీ మోసపోకూడదు, ఇంకొకరిని మోసం చేయకూడదు.

బరంపురం_శ్రీను

రాశాను ఆచారి గారూ. బరువు, సాంద్రత, ఎవరు ఎక్కడ చూసి చెప్పారు అన్నీ రాశాను. ఇంకొక సందేహం. సంచీలో 1862 విక్టోరియా రూపాయలు కూడా ఉన్నాయి. వెంకట్ గారు చెప్పినట్టు వాటిని విదేశానికి గ్రేడింగ్‌కి పంపొచ్చా?

పర్లాకిమిడి_మాస్టారు

ఆగు. అది చట్టం విషయం. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన నాణెం పురావస్తువు కిందకి వస్తుంది. దాన్ని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించడం నేరం, గ్రేడింగ్ కోసమైనా సరే. 1938 నాటిది ఇంకా నూరేళ్లు నిండలేదు, 1862ది ఎప్పుడో నిండింది. కాబట్టి వాటిని ఇక్కడే చూపించుకోవాలి.

అదీ కాక 1862 రూపాయి గురించి విదేశీ గ్రేడింగ్ లేబుల్ చెప్పేదాని కంటే మన సేకర్తలకి ఎక్కువ తెలుసు. 1862 అన్న డేటుతోనే 1874 దాకా కొట్టారు. చుక్కల సంఖ్య, చుక్కల చోటు, బొమ్మ రకం బట్టి ఎన్నో ఉపరకాలు ఉన్నాయి. ఎక్కువ మంది దగ్గర ఉన్నవి మామూలువే, వెండి విలువ కంటే కొంచెం పైన. ఉపరకం తెలిస్తేనే ధర తెలుస్తుంది.

ప్రాచీన నాణేలైతే నాసిక్ దగ్గర అంజనేరిలో నాణేల పరిశోధన సంస్థ ఉంది, భువనేశ్వర్‌లో ఒడిశా రాష్ట్ర మ్యూజియంలో నాణేల విభాగం ఉంది. వాళ్లు కొనుగోలుదారులు కారు. ముందుగా ఉత్తరం రాసి ఫోటోలతో అడగండి.

గుణుపురం_గీత

మాస్టారూ, పొలాల్లో దొరికిన వాటి గురించి కూడా చెప్పండి. మా వైపు తూర్పు గాంగ రాజుల కాలపు ఫణాలు, అంటే చిన్న బంగారు నాణేలు, దొరికాయని అప్పుడప్పుడు వింటుంటాం. నంది బొమ్మ, కింద పాలనా సంవత్సరం అంకె ఉంటాయి, గోరంత ఉంటాయి. దొరికినవాళ్లు భయపడి కంసాలికి కరిగించడానికి ఇచ్చేస్తున్నారు.

పర్లాకిమిడి_మాస్టారు

1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ఇంకా అమల్లో ఉంది. భూమిలో దొరికిన నిధి విలువ 10 రూపాయలు దాటితే కలెక్టరుకి తెలియజేయాలి. దాచితేనే నేరం, తెలియజేస్తే దొరికినవాడికి హక్కు కూడా ఉంటుంది. కరిగించినవాడికి బంగారం ధర వస్తుంది, మన నేల చరిత్ర మాత్రం పోతుంది. ఆచారి గారూ, ఈ విషయం మీ వృత్తివాళ్లకి మీరే చెప్పాలి.

రాయగడ_ఆచారి

తప్పకుండా మాస్టారూ. మా సంఘం సమావేశంలో మాట్లాడతాను. నంది బొమ్మ ఉన్న చిన్న బంగారు బిళ్ల ఎవరు తెచ్చినా కరిగించే ముందు కనీసం ఫోటో తీసి ఇక్కడ పెడతాను.

ఇచ్ఛాపురం_లక్ష్మి

మాస్టారూ, మా వదిన వాళ్ల దగ్గర ఆ రాముడి బిళ్లతో పాటు విక్టోరియా నాణేలు కొన్ని ఉన్నాయి. ఇక్కడ ఫోటోలు పెడితే చూస్తారా? ఎలా తీయాలి?

పర్లాకిమిడి_మాస్టారు

చూస్తామమ్మా. పగటి వెలుతురులో, ఫ్లాష్ వేయకుండా, రెండు వైపులూ తీయండి. అంచు ఫోటో తప్పకుండా ఉండాలి, చాలామంది అదే మర్చిపోతారు. పక్కన స్కేలు పెట్టండి, బరువు రాయండి. డేటు మీద పక్క నుంచి వెలుతురు పడేలా ఒకటి దగ్గరగా తీయండి. మేము చెప్పేది ఫోటో చూసి చెప్పేదే కాబట్టి, ఎక్కడ చూసి ఏం చెప్పామో కూడా రాస్తాం. అది మీకు సరిగ్గా అనిపించకపోతే మళ్లీ అడగండి.